తెల్లవైపు తిప్పిన బిళ్ళ

సెక్రటరీ అంటే ఏదో హోదా అనుకుని ఒప్పుకున్నాను. తీరా కుర్చీలో కూర్చున్నాక తెలిసింది. మూడొందల పైచిలుకు ఇళ్ళలో ఏ కొళాయి కారినా, ఏ లిఫ్టు ఆగినా, ఏ పూట సాంబారు పల్చబడినా తిట్లు తినడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషిని నేను.

సింహాచలం కొండకి వెనకవైపు కట్టిన రిటైర్మెంట్ కాలనీ మాది. నా భార్య పోయాక ఇక్కడికి వచ్చి చేరాను. ఫిజియోథెరపీ గది, లైబ్రరీ, ఎవరూ దిగని ఈతకొలను, మూడు పూటలా వండి పెట్టే డైనింగు హాలు ఉన్నాయి. ఉన్నవాళ్ళంతా ఒకప్పుడు ఆఫీసర్లో, ఫోర్‌మెన్లో, హెడ్మాస్టర్లో. ఒకరు చెప్తే వినే వయసు ఎప్పుడో దాటిపోయింది. ఇడ్లీ గట్టిగా ఉందని నాలుగు పేజీల ఉత్తరం రాసి, ఒక కాపీ ప్రెసిడెంటుకీ ఇంకో కాపీ ట్రెజరరుకీ పంపిన పెద్దమనిషి బీ బ్లాకులో ఉన్నాడు. ఉత్తరంలో ఒక్క తప్పూ లేదని మెచ్చుకుని ఫైల్లో పెట్టాను.

ఇలాంటివి సరదాగా ఎన్నయినా చెప్పగలను. నేను చెప్పవలసింది మాత్రం ఒక రేకు బిళ్ళ సంగతి. ఆ బిళ్ళని తిప్పింది నేను. తిప్పానని చెప్పడానికి నాకు పదకొండు రోజులు పట్టింది. అంతవరకూ నా తప్పుని ఇంకొకావిడ మోసింది.

గాజువాక దగ్గర ఒక ఫ్యాక్టరీలో ముప్ఫై రెండేళ్ళు టైమ్ ఆఫీసులో పనిచేశాను. కంప్యూటర్లు రాకముందు మా దగ్గర హాజరంటే ఇత్తడి బిళ్ళ. గేటు దగ్గర పెద్ద చెక్క బోర్డు, దాని నిండా మేకులు, మేకుకో నంబరు బిళ్ళ. పనిలోకి వచ్చినవాడు తన బిళ్ళ తీసి పెట్టెలో వెయ్యాలి. సైరన్ మోగాక బోర్డు మీద మిగిలినవాళ్ళంతా రానట్టు లెక్క. అయితే బస్సు దొరక్క ఆలస్యమైన వాడి బిళ్ళని పక్కవాడు వేసేసేవాడు. అలాంటివాళ్ళని పట్టుకోవడం నా పని. సగం మందిని పట్టుకున్నాను, సగం మందిని చూసీ చూడనట్టు వదిలేశాను. భార్యని పురిటికి తీసుకెళ్ళినవాడికి ఒక పూట జీతం కొయ్యడానికి చెయ్యి వచ్చేది కాదు. స్నేహితుడి బిళ్ళ వెయ్యడం మా వాళ్ళ దృష్టిలో దొంగతనం కాదు, మర్యాద. పెళ్ళికి పిలిస్తే వెళ్ళడం ఎలాగో అదీ అలాగే.

కాలనీలో నేను చేరిన రెండో ఏడు, జనరల్ బాడీలో ప్రతి బాత్రూములోనూ అత్యవసర బెల్లు పెట్టించాలన్న మాట వచ్చింది. ఎస్టిమేటు చదివేసరికి అందరి ముఖాలూ వాడిపోయాయి. అప్పటికే ఆ ఏడు జనరేటరు మార్చాం. కార్పస్ ఫండు ముట్టుకోవడానికి వీల్లేదని ట్రెజరరు భీష్మించుకు కూర్చున్నాడు. అప్పుడు నేను లేచి నా తెలివితేటలు ప్రదర్శించాను. డైనింగు హాలు గుమ్మం పక్కన ఒక బోర్డు పెడదాం. ఇంటికో రేకు బిళ్ళ. ఒకవైపు ఎరుపు, ఒకవైపు తెలుపు. పొద్దున్న కాఫీకి దిగినవాళ్ళు తమ బిళ్ళని తెల్లవైపు తిప్పుకోవాలి. ఏడున్నరకి ఇంకా ఎర్రగా ఉన్న నంబర్లు చూసుకుని పనిమనిషి పైకి వెళ్ళి తలుపు కొడుతుంది. రాత్రి వాచ్‌మన్ అన్నీ మళ్ళీ ఎర్రవైపు తిప్పేస్తాడు. ఖర్చు ఒక ప్లైవుడ్ షీటు, రెండు డబ్బాల రంగు.

అందరూ చప్పట్లు కొట్టారు. బెల్లుల ఫైలు మూసేశాం. ఆ రోజు రెండు జిలేబీలు ఎక్కువే తిన్నాను.

బోర్డు చూసే పని హౌస్‌కీపింగులో ఒకావిడకి అప్పజెప్పాం. మల్కాపురం నుంచి మొదటి బస్సుకి వచ్చేది. యాభై దాటిన మనిషి. పోర్టులో కూలిపని చేసే భర్త ఎప్పుడో పోయాడు. డెబ్భై దాటిన నన్ను పట్టుకుని బాబూ అని పిలిచేది. ఎర్ర బిళ్ళ కనిపిస్తే లిఫ్టు కోసం కూడా ఆగేది కాదు, మెట్లెక్కి పోయేది. ఒకసారి నాకే జలుబు చేసి పడుకుంటే వచ్చి తలుపు బాదింది. “బతికే ఉన్నానమ్మా” అని అరిచాను. “ఆ ముక్క కిందికొచ్చి తిప్పి సెప్పండి బాబూ” అంది. అంత ఖచ్చితం.

ఇక మా బావ. చుట్టరికమేమీ లేదు, ఇక్కడ మగవాళ్ళం అలాగే పిలుచుకుంటాం. పక్క బ్లాకులో మూడో అంతస్తు. సముద్రం మీదికి వేటకి వెళ్ళే కుటుంబంలో పుట్టి, పోర్టులో పెద్ద ఓడల్ని లాగే టగ్గు నడిపి రిటైరయ్యాడు. కూతురు గాజువాకలో ఉంటుంది, ఉద్యోగస్తురాలు. తండ్రికి గుండెలో స్టెంటు వేయించాక, ఒంటరిగా వదలలేక ఆవిడే ఇక్కడ చేర్పించింది. బావకి కాలనీలో అన్నీ నచ్చాయి, తిండి తప్ప. డైనింగు హాలు పూర్తిగా శాకాహారం. నియమావళిలో మొదటి పేజీలోనే ఉంది. ఇళ్ళలో వండుకుందామంటే, కారిడారులోకి వాసన వచ్చే వంటలు చేయరాదని ఇంకో తీర్మానం. దాని మినిట్స్ రాసింది నేనే.

“ఏటి బావా ఈ తిండి? జొరమొచ్చినోడికి ఎట్టినట్టు ఎడతన్నారు” అనేవాడు పళ్ళెం ముందు కూర్చుని. “నాను పుట్టింది సేపల్లో బావా. బీరకాయలో కాదు.”

అందుకని వారానికి రెండు రోజులు, మంగళవారం, శుక్రవారం, పాలవ్యాను కోసం పక్క గేటు తెరవగానే జారుకునేవాడు. మొదటి బస్సు పట్టుకుని ఫిషింగ్ హార్బరుకి వెళ్ళిపోయేవాడు. పడవలు ఒడ్డుకి రావడం, చేపలు బుట్టల్లో పడడం, వేలం పాట పాడడం అన్నీ చూసి, అక్కడే ఒక పాకలో నెత్తళ్ళ పులుసుతో చద్దన్నం తిని, తొమ్మిదింటికల్లా వచ్చేసేవాడు. టగ్గు నడిపినవాడని అక్కడ వాణ్ణి ఇంకా సారంగు అనే పిలుస్తారట. ఆ మాట చెప్తున్నప్పుడు వాడి ముఖం చూడాలి. మా కాలనీలో మాత్రం సీ బ్లాకు మూడొందల నాలుగు.

ఈ సంగతి ఎలాగో కూతురికి తెలిసింది. ఒక ఆదివారం వచ్చి నా ఆఫీసులో కూర్చుంది.

“నాన్నని హార్బరుకి పంపకండి అంకుల్. అక్కడ తడినేల మీద ఒకసారి జారి పడ్డారు. నాకు భయం. మీరు సెక్రటరీ కదా, మీ మాటయితే వింటారు.”

సరేనమ్మా అన్నాను. మాటిచ్చాను. ఆ సాయంత్రం బావ వచ్చి నా బాల్కనీలో కూర్చున్నాడు. చాలాసేపు కొండవైపు చూశాడు.

“ఆ గుంట ఏడుత్తాది బావా, అది నాకూ తెలుసు. కానీ అక్కడికెల్లకపోతే నాను ముసిలోణ్ణైపోతాను. ఆ రెండ్రోజులూ నీ బిళ్ళతో పాటు నాదీ తిప్పీ. ఎర్రగా ఉంటే ఆవిడ పైకెల్తాది, తలుపు కొడతాది, నాను గదిలో లేనని అమ్మాయికి ఫోనెల్లిపోతాది. అంతే కదా.”

అంతే కదా. డెబ్భై మూడేళ్ళవాడు ఒక పూట చేపల పులుసు కోసం నా చెయ్యి పట్టుకుని అడిగాడు. టైమ్ ఆఫీసులో ఎందరి బిళ్ళలో చూసి వదిలేసిన మనిషిని, కాదనడానికి నాకు నోరు రాలేదు. ఏడాదిన్నర పాటు, వారానికి రెండుసార్లు, నా బిళ్ళ తిప్పి రెండు వరసల కింద ఉన్న వాడి బిళ్ళ కూడా తిప్పేవాణ్ణి. కాపలా కోసం బోర్డు పెట్టించిన మనిషినే, దానికి కన్నం పెట్టాను.

నేను వాడికి ఊరికే సాయం చేస్తున్నానని కూడా అనుకోలేదు. లోపల్లోపల అసలు మార్గం వెతుకుతున్నాను. డీ బ్లాకు వెనక పాత స్టోరు గది ఖాళీగా ఉంది. అందులో వేరే వంటిల్లు పెట్టి, వారానికి రెండు రోజులు చేపలు, గుడ్లు వండించాలని ఒక తీర్మానం తయారు చేశాను. వేరే గిన్నెలు, వేరే మనిషి, తిన్నవాళ్ళే ఖర్చు భరించేలా లెక్క. ఆర్నెల్లు ఇంటింటికీ తిరిగాను. కొందరు నన్ను చూసి తలుపు వేసుకున్నారు. ఒకాయనైతే, “మీ మతంలో అన్నీ తింటారు కాబట్టి మీకు తేలిక” అన్నాడు. మేం కేథలిక్కులం. ఈస్టరుకి ముందు తపస్సుకాలంలో నలభై రోజులు మాంసం ముట్టనని చెప్పి, ఆయన దగ్గర సంతకం పెట్టించుకునే వచ్చాను.

ఓటింగు ఒక ఆదివారం జనరల్ బాడీలో పెట్టాం.

ఆ పొద్దున్న ఏడూ ఇరవైకి ఫైళ్ళు చంకన పెట్టుకుని డైనింగు హాలుకి వచ్చాను. మనసంతా ఓట్ల లెక్కలో ఉంది. నా బిళ్ళ తిప్పాను. బావది ఎర్రగా ఉంది. అది మంగళవారం కాదు, శుక్రవారం కాదు. తిప్పమని వాడు నన్ను అడగలేదు. కానీ నాకు మొదట వచ్చింది కోపమే. ఎవడి కోసం నేనింత గొడవ పడుతున్నానో వాడు ఓటు రోజున చెప్పకుండా చేపలకి చెక్కేశాడు, బుద్ధిలేని మనిషి అని తిట్టుకున్నాను. తిట్టుకుంటూనే ఎడమ చేత్తో వాడి బిళ్ళ తెల్లవైపు తిప్పి లోపలికెళ్ళి కాఫీ తాగాను.

మీటింగు పదింటికి మొదలైంది. అరుపులు, కేకలు, ఒకాయన లేచి వెళ్ళిపోవడం, మళ్ళీ వచ్చి కూర్చోవడం. పన్నెండున్నరకి పదకొండు ఓట్ల తేడాతో తీర్మానం గెలిచింది. నేను ఆ హాల్లో ఉన్న ప్రతి తలకాయా వెతికాను. బావ లేడు. సరే, రానీ, వీడి పని చెప్తాను అనుకుంటూ పైకి వెళ్ళాను. నిజం చెప్పాలంటే తిట్టడానికి కాదు. గెలిచామని నా నోటితో చెప్పి, వాడి ముఖం చూడాలని వెళ్ళాను.

బెల్లు కొడితే పలకలేదు. ఫోను చేస్తే లోపలే మోగింది. చేపలకి వెళ్ళినవాడు ఫోను వదిలి వెళ్ళడు. వాచ్‌మన్‌ని కేకేశాను. ఇంకో తాళంచెవి తెచ్చి తీశాడు. బాత్రూముకి లోపల గడియ ఉంది. పగలగొట్టాం. వాడు రాత్రి కట్టుకున్న లుంగీతో నేల మీద పక్కకి తిరిగి పడి ఉన్నాడు. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది.

పదింటి ప్రాంతంలో ప్రాణం పోయి ఉంటుందని డాక్టరు చెప్పాడు. తుంటి ఎముక విరిగింది, దాని మీద గుండె ఆగింది. కూతురు ఆయన రెండు చేతులూ పట్టుకుని, “చాలా బాధపడ్డారా సార్?” అని అడిగింది. “లేదమ్మా. పడగానే స్పృహ పోయి ఉంటుంది. ఏమీ తెలిసి ఉండదు” అన్నాడు డాక్టరు. ఆ మాట ఆవిడ కోసం అన్నాడు. పట్టుకుని బతికింది మాత్రం నేను. నా వల్ల వాడు ఒంటరిగా పోయాడు, నిజమే. కానీ వాడికి తెలియలేదు. రాత్రీ పగలూ ఇదే చెప్పుకున్నాను.

మూడో రోజు కమిటీ కూర్చుంది. ప్రెసిడెంటుగారు, ట్రెజరరు, నేను, హౌస్‌కీపింగు మనుషుల్ని పంపే ఏజెన్సీ సూపర్‌వైజరు. కూతురు గోడ పక్కన కుర్చీలో. బోర్డు చూసే ఆవిడని పిలిచి నిలబెట్టారు.

“ఆ రోజు బోర్డు చూశావా?”

“సూసేను బాబూ. ఏడున్నరకి. తెల్లగా ఉంది.”

“నాన్న కిందికి రాలేదు. కిందికి వస్తే ప్యాంటు వేసుకోకుండా రారు. రాత్రి లుంగీలోనే ఉన్నారు” అంది కూతురు. గొంతులో కోపం లేదు. తెలుసుకోవాలని మాత్రమే ఉంది.

“మరి తెల్లగా ఎలా ఉంటుంది?” అన్నారు ప్రెసిడెంటుగారు. “మూడంతస్తులు ఎక్కలేక నువ్వే తిప్పేసి ఉంటావు.”

“నాను తిప్పనేదు బాబూ. ఆయనే వొచ్చి తిప్పుకునుంటారు. మళ్ళీ పైకెల్లి పడిపోయుంటారు. నానెప్పుడూ అలాటి పని సెయ్యనేదు. సెక్రటరీబాబుకి తెలుసు, ఆయన్నడగండి.”

అందరూ నావైపు చూశారు. ఆవిడ కూడా చూసింది. ఆ చూపులో భయం లేదు. నేను చెప్తే అయిపోతుందన్న ధీమా ఉంది. పక్కన కూతురు కూర్చుంది, నేను మాటిచ్చిన పిల్ల.

“ఇంతవరకు ఆవిడ అలాంటి పని చెయ్యలేదు” అన్నాను.

అది నిజమే. నిజంలోంచి నాకు కావలసినంత ముక్క కోసి బల్ల మీద పెట్టాను. ప్రెసిడెంటుగారు నా మాటే పట్టుకున్నారు. “చూశారా, సెక్రటరీగారు కూడా ‘ఇంతవరకు’ అనే అంటున్నారు.” నేను సరిదిద్దలేదు. మినిట్స్ పుస్తకం తెరిచాను. విధి నిర్వహణలో నిర్లక్ష్యం వహించినట్లు కమిటీ అభిప్రాయపడినది, సదరు ఉద్యోగిని ఏజెన్సీకి తిరిగి పంపడమైనది అని రాశాను. నా దస్తూరి బాగుంటుందని ఎప్పుడూ మెచ్చుకుంటారు. ఆ రోజు కూడా బాగానే వచ్చింది.

ఆవిడ బోర్డు కింద పెట్టుకున్న చీపురు, సంచీ తీసుకుంది. సంచీలో టిఫిన్ డబ్బా మోగింది. నా పక్కనుంచే వెళ్ళింది.

తర్వాతి రోజుల్లో బెల్లులకి ఆర్డరు పెట్టాం. ఏ కార్పస్ ఫండు కోసం అంత రాద్ధాంతం చేశామో దాన్ని పది నిమిషాల్లో ముట్టుకున్నాం. ఆకాశమేమీ విరిగి పడలేదు. స్టోరు గదికి సున్నం వేయించాం. మొదటి చేపల భోజనానికి నలభై మంది పేర్లిచ్చారు. నేను వెళ్ళలేదు. ఈ మధ్యలో రోజుకొకటి చొప్పున సాకులు తయారు చేసుకున్నాను. బోర్డు చూసే ఆవిడకి ఏజెన్సీ ఇంకెక్కడో పని ఇస్తుందిలే. ఇప్పుడు చెప్తే ఆ పిల్ల గుండె రెండోసారి పగులుతుంది. నేను చెప్పినంత మాత్రాన బావ లేచి వస్తాడా? ముప్ఫై రెండేళ్ళు ఇతరుల సాకులు విని విసుక్కున్న మనిషిని, అంతకన్నా నాసిరకం సాకులు నాకు నేను చెప్పుకున్నాను. సిగ్గుతో చెప్తున్నాను, కొన్ని పూటలు వాటిని నమ్మాను కూడా.

పదో రోజు చర్చికి వెళ్ళి ఫాదరుగారి ముందు తప్పు ఒప్పుకుని పాపసంకీర్తనం చేశాను. ఫాదరుగారు నాకన్నా ముప్ఫై ఏళ్ళు చిన్న. అంతా విన్నారు. ఎన్ని జపాలు చెప్పమంటారో, ఏం ఉపవాసం వేస్తారో అని తలొంచుకుని కూర్చున్నాను.

“ఆవిడ ఇల్లెక్కడో తెలుసా?” అని అడిగారు. అంతే.

మర్నాడు పొద్దున్నే కమిటీని పిలిచి చెప్పాను. ట్రెజరరు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఉండిపోయాడు. రాజీనామా ఇచ్చాను. ఆవిడ మీద తీర్మానం రద్దు చేసి, క్షమాపణతో ఉత్తరం టైపు చేయించి, ప్రెసిడెంటుగారి సంతకం పెట్టించాను. బావ కూతురికి ఫోను చేశాను. హార్బరు సంగతీ బిళ్ళ సంగతీ అంతా చెప్పాను.

“ఎన్నాళ్ళ నుంచి వెళ్తున్నారు అంకుల్?”

“ఏడాదిన్నర.”

“అక్కడికి వెళ్ళినప్పుడు సంతోషంగా ఉండేవారా?”

“చాలా.”

ఫోను పెట్టేసింది. మళ్ళీ ఎప్పుడూ చెయ్యలేదు. నేను చేస్తే ఎత్తదు. ఎత్తాలని నేనూ అనుకోను.

ఆ మధ్యాహ్నమే ఉత్తరం జేబులో పెట్టుకుని మల్కాపురం వెళ్ళాను. ఆవిడ మళ్ళీ మా పనిలోకి రాలేదు. ఎందుకు రాలేదో అక్కడ జరిగింది చెప్తే తెలుస్తుంది.

సందు చివర రెండు గదుల ఇల్లు. గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుకుంటోంది. నన్ను చూసి గబుక్కున లేచి, ఉన్న ఒక్క ప్లాస్టిక్ కుర్చీని కొంగుతో తుడిచి వేసింది. మంచినీళ్ళు తెచ్చింది. మర్యాదలన్నీ అయ్యేదాకా నేను నోరు తెరవలేకపోయాను. తర్వాత చెప్పాను. బిళ్ళ తిప్పింది నేనని. ఏడాదిన్నరగా తిప్పుతున్నానని. ఆ ఆదివారం వాడు అడక్కుండానే తిప్పానని. ఆ రోజు కమిటీలో తెలిసీ ఊరుకున్నానని. అన్నీ వరసగా, ఆపకుండా చెప్పేసి ఉత్తరం ఆవిడ చేతికిచ్చాను. చెప్పేశాక, నిజం, ఒళ్ళు తేలికైంది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

ఆవిడ తిట్టలేదు. ఉత్తరం చూడనుకూడా చూడలేదు.

“మీరా తిప్పినారు?” అంది. “మరైతే ఆయన కిందికే రానేదా బాబూ?”

“రాలేదమ్మా.”

“ఒకపాలి కూడా?”

“లేదు.”

ఆవిడ గుమ్మంలో మెల్లగా కూర్చుండిపోయింది. చేటలో బియ్యం వైపు చూస్తూ చెప్పింది.

“ఆ పొద్దున్న ఏడు దాటాక నాను ఆ బ్లాకులోనే మెట్లు తుడుత్తన్నాను. మూడో అంతస్తులో సప్పుడినబడింది. పైపు మీద కొట్టినట్టు. మూడుసార్లు కొట్టి ఆగింది. మళ్ళీ మూడుసార్లు. ఏటో అని నిలబడ్డాను. తలుపు కొడదామనుకున్నాను బాబూ. పొద్దున్నే లేపితే ఏటనుకుంటారో, ముందు బోర్డు సూసొద్దారని కిందికి దిగినాను. తెల్లగా ఉంది. నాను మెట్లు తుడుత్తంటే ఆయన లిఫ్టులో దిగీసుంటారు, బాగానే ఉన్నారు, ఆ సప్పుడు మరేదో అనుకున్నాను. అందుకే కమిటీలో కూడా సెప్పనేదు. ఆయన అప్పుడు కిందన ఉన్నారనుకున్నాను కదా.”

డాక్టరు మాట గుర్తొచ్చింది. పడగానే స్పృహ పోయి ఉంటుంది, ఏమీ తెలిసి ఉండదు. అదొక్కటే నాకు మిగిలిన దిక్కు, అది పోయింది. బావ మెలకువగా ఉన్నాడు. మనుషులున్నారని తెలిసి కొట్టాడు. ఆవిడ విన్నది, ఆగింది, పైకి వెళ్ళబోయింది. ఆవిడని వెనక్కి పంపింది నా ఎడమ చెయ్యి. అయినా ఆ క్షణంలో నేను ఏడవడానికి వీల్లేదు, ఎందుకంటే ఆవిడ ముఖం అప్పుడే మారిపోతోంది. నేను నా బరువు దించుకుందామని వచ్చి, అంతకు రెట్టింపు బరువు ఆ ఇంట్లో దించాను.

“ఆ సప్పుడు ఆయనేనా బాబూ?” అంది.

నిజం చెప్పడానికే బస్సెక్కి అంత దూరం వచ్చాను. కానీ ఆ ప్రశ్నకి చెప్పలేకపోయాను.

“కాదమ్మా” అన్నాను. “ఆ రోజు పొద్దున్న ప్లంబరు వచ్చాడు. రెండో అంతస్తులో పైపు బాగుచేశాడు. అదే నువ్వు విన్నది.”

ఆవిడ తలెత్తి నన్ను చూసింది. ఎనిమిదేళ్ళు ఆ మెట్లు తుడిచిన మనిషి. ఎవరు ఎప్పుడు వస్తారో, ఎప్పుడు పోతారో నాకన్నా బాగా తెలుసు.

“ప్లంబరు ఆదోరం రాడు కదా బాబూ” అంది.

నేను గ్లాసులో మిగిలిన నీళ్ళు తాగాను. ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని, చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది.

“సర్లెండి. ప్లంబరే అనుకుందాం” అంది. “మీరూ అలగే అనుకోండి బాబూ.”